పరికరము చెడినదా, పేరు తారుమారైనదా?

ఎలక్ట్రానిక్సునందు ఆసక్తిగల బాలబాలికలు అర్డ్యూయినో వంటి చిన్న బోర్డులను లైనక్సు కంప్యూటరునకు తగిలించి ప్రయోగములు చేయుచుందురు. ఒక్కొక్కప్పుడు బోర్డుమీది దీపము వెలుగును గాని, కంప్యూటరులో దాని జాడ కానరాదు. బోర్డు పాడైనదని పిల్లలు నిశ్చయింతురు. తలిదండ్రులు మరియొకటి కొనుటకు సిద్ధపడుదురు. ఆ తొందర వలదని చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

యుఎస్‌బి పరికరమును తగిలించినంతనే కంప్యూటరు దానిని "నీవెవరవు?" అని యడుగును. పరికరము రెండు సంఖ్యలు చెప్పును. మొదటిది తయారుచేసినవారిని, రెండవది వస్తువును తెలుపును. సామాన్యముగా ఆ సంఖ్యలనుబట్టియే లైనక్సు తగిన డ్రైవరును వెదకి, పరికరమును దానికి అప్పగించును.

చౌకగా దొరకు బోర్డులలో పెక్కింటియందు సిహెచ్ 340 అను చైనా దేశపు చిప్పు గలదు. దాని సంఖ్యలు 1ఎ86, 7523. ఆ చిప్పును ఎవరు ఏ వస్తువులో అమర్చినను సాధారణముగా అవే సంఖ్యలు పలుకును. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. అంధులు వ్రేళ్లతో తడవి చదువుకొను బ్రెయిలీ పరికరములలో ఒకదానికిని ఆ సంఖ్యలే కలవు. 2022లో వెలువడిన ఉబుంటు 22.04లో, బ్రెయిలీ పరికరములను నడపు బిఆర్‌ఎల్‌టిటివై అను ప్రోగ్రాము ఆ సంఖ్యలను చూడగనే "ఇది నాది" అని బోర్డును పట్టుకొనెడిది. ఒకే వీధిలో ఒకే యింటిపేరు, ఒకే పేరు గల యిద్దరున్నచో ఒకరి యుత్తరము వేరొకరి యింట పడదా? పోస్టుమానును నిందించి లాభము లేదు.

పరీక్ష యెట్లు చేయవలెను? మొదట టెర్మినలు తెరచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అను అయిదు ఆంగ్లాక్షరములను ఎడము లేక టైపు చేసినచో, తగిలించియున్న పరికరముల పట్టిక వచ్చును. అందు బోర్డు లేనియెడల కేబులును అనుమానింపుడు. కొన్ని కేబుళ్లు ఛార్జింగునకు మాత్రమే చేసినవి. విద్యుత్తు తెచ్చు రెండు తీగలే గాని సమాచారము మోయు తీగలు వాటిలో నుండవు. దీపము వెలుగుటకు అవి చాలును, సంభాషణకు చాలవు.

పట్టికలో బోర్డు ఉన్నచో, సుడో అను మాట ముందుంచి డి, ఎం, ఇ, ఎస్, జి అను ఆజ్ఞ నియ్యవలెను. లైనక్సు కెర్నెలు వ్రాసికొన్న దినచర్య యంతయు కనబడును. అది ఆంగ్లముననే యుండును. ఈ విషయమున మనకును, పొరుగున నున్న కన్నడిగులకును, తమిళులకును భేదము లేదు. బోర్డు టిటివై యుఎస్‌బి 0 అను పేరుతో చేరినట్లును, అంతలోనే బిఆర్‌ఎల్‌టిటివై పేరు వచ్చి, బోర్డు విడిపోయినట్లును పంక్తులున్నచో రోగము తెలిసినట్లే.

ఆ ప్రోగ్రామును తీసివేయుడని చాలమంది సలహా నిత్తురు. ఇంట వాడుకొను కంప్యూటరునకు ఇది సులువే. కాని పదిమంది వాడు పాఠశాల కంప్యూటరులో ఈ పని చేయుట మాకు సమ్మతము కాదు. చూపులేని విద్యార్థి యొకడు బ్రెయిలీ పరికరమును తెచ్చి తగిలించిన నాడు వానికి ఆ కంప్యూటరు మూగదగును. కావున 85-బిఆర్‌ఎల్‌టిటివై అను నియమముల ఫైలును ఇటిసి లోని యుడెవ్ నియమముల ఫోల్డరులోనికి అదే పేరుతో నకలు తీసి, ఆ నకలులో 1ఎ86, 7523 ఉన్న పంక్తికి ముందు హ్యాష్ గుర్తు పెట్టవలెను. ఇటిసి లోని నకలునకే ప్రాధాన్యము గనుక మూలము జోలికి పోనక్కరలేదు. కంప్యూటరును మరల ప్రారంభించినచో బోర్డు దక్కును. ఇతర సంఖ్యలుగల బ్రెయిలీ పరికరములు యథాప్రకారము పనిచేయును.

బోర్డు నిలిచియుండియు "అనుమతి లేదు" అని వచ్చినచో అది వేరొక సంగతి. ఉబుంటులో వాడుకరిని డయలౌట్ అను సమూహమున చేర్చి, ఒకమారు బయటికి వచ్చి మరల ప్రవేశించిన సరిపోవును.

వైఫై పరికరముల బాధ మరియొక తీరు. రాలింక్ ఆర్‌టి 3070 చిప్పుగల పరికరము తనను నడపు ఫర్మువేరును తనలో నిలుపుకొనదు. తగిలించిన ప్రతిమారు కంప్యూటరే దానిని అందీయవలెను. ఆ ఫైలు లేనిచో దినచర్యలో ఋణ సంఖ్య 2 తో లోపము కనబడును. ఫైలు దొరకలేదని దాని యర్థము. ఇట్టి ఫర్మువేరు 2023లో వెలువడిన డెబియన్ 12 మొదలుకొని స్థాపన డిస్కులోనే చేరినది. అంతకుముందరి డెబియన్ ఉన్న కంప్యూటర్లలో దానిని వేరుగా తెచ్చుకొనవలెను. ఇంటర్నెట్టునకై వైఫై, వైఫైకై ఫర్మువేరు, ఫర్మువేరునకై ఇంటర్నెట్టు! పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్లుండును. అయినను దారి కలదు. ఆండ్రాయిడు ఫోనును కేబులుతో తగిలించి, దాని ఇంటర్నెట్టును కంప్యూటరునకు పంచియిచ్చి, ఫర్మువేరు దించుకొని, పిమ్మట వైఫై పరికరమును ఊడదీసి మరల తగిలింపవలెను.