పిల్లికి షుగరొస్తే: ఒక్క సూది ఎక్కువైనా పానం మీదికే

"పిల్లికి షుగరేందిరా, మనుషులకే మందుల్లేవు" అని మా కాలనీల నవ్వనోళ్లు లేరు. మాది రామగిరి మండలం. నాయిన బాయి పని, అమ్మకు పదేండ్ల సంది షుగరు. ఇంట్ల ఒక నల్లపిల్లి, పేరు బొగ్గి. తొమ్మిదేండ్లది. పాలన్నం, పెరుగన్నం తిని గున్నలెక్క ఉండేది. పోయినేడు ఒక్కసారిగ బక్కగైంది. గిన్నెల నీళ్లు గిన్నెలనే ఖాళీ చేసుడు, ఊకె ఉచ్చ పోసుడు, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవుడు. అది పోసిన జాగల చీమలు పట్టినయి. అమ్మే ముందుగాల గుర్తు పట్టింది. "దీనికి నా బీమారే వచ్చినట్టుంది" అన్నది. కరీంనగర్ల పశువుల డాక్టరు నెత్తురు, ఉచ్చ పరీక్ష చేసి అదే మాట చెప్పిండు.

పిల్లులకు షుగరొచ్చుడు కొత్తేం కాదు. వయసు మళ్లినయి, లావెక్కినయి, ఇల్లు దాటకుండ పెరిగినయి, దురదలకని స్టెరాయిడ్ సూదులు మస్తు పడ్డయి, వీటికి ఎక్కువొస్తది. ముదిరితే ఎన్క కాళ్లు బలం తప్పి మడిమెల మీద నడుస్తయి. మందు ఇన్సులినే. నవ్వెటోళ్లకు ఒక్క ముచ్చట చెప్పాలె. 1921ల టొరంటోల బాంటింగ్, బెస్ట్ అనేటోళ్లు కుక్కల మీద పరీక్షలు చేసి ఈ మందు సంగతి తేల్చిండ్రు. 1922 జనవరిల లియోనార్డ్ థాంప్సన్ అనే పోరనికి మొదటి సూది పడ్డది. 1982ల మనిషి ఇన్సులిన్‌ను ల్యాబుల తయారు చేసి అమ్ముడు మొదలయ్యేదాక, అరవై ఏండ్లు లోకమంత వాడింది పందులు, ఆవుల నుంచి తీసిన ఇన్సులినే. జీవాల పుణ్యాన మనం బతికినం. ఇప్పుడు ఒక జీవానికి అదే సూది వేస్తే నవ్వుడెందుకు?

ఇగ అసలు సంగతి. ఇన్సులిన్ ఇచ్చుడు అల్కనే, సన్న సూది, మెడ ఎన్క తోలు లేపి గుచ్చుడే. కష్టమంత లెక్కలనే ఉంది. మా ఇంట్ల ఆ లెక్క ఒక్కసారి తప్పింది.

డాక్టరు పొద్దుగాల 6కు, మాపటీలి 6కు సూది ఇయ్యమన్నడు. నాయిన షిఫ్టులు వారం వారం మారుతయి. ఆ వారం సెకండ్ షిఫ్టు, 3 నుంచి 11 దాక. సాయంత్రం సూది అమ్మ ఇచ్చి పండుకున్నది. నాయిన పదకొండున్నరకు వచ్చి, మర్చిపోయిండ్రేమోనని ఇంకో సూది ఇచ్చిండు. రాత్రి 2 గంటలకు మంచం కింద చప్పుడైతే లేచి చూసిన. బొగ్గి తాగినోని తీర్గ తూలుతున్నది, గోడకు గుద్దుకుంటున్నది, ఒళ్లంత వణుకుడు. అమ్మకు ఆ వణుకుడు తెలుసు. "షుగర్ పడిపోయింది, చక్కెర తే" అని ఒర్రింది. చక్కెర నీళ్లు చిక్కగ కలిపి చిగుర్లకు రుద్దినం. పావుగంటకు తలకాయ లేపింది. కోడికూర ముక్కలు పెడితే తిన్నది. తెల్లారేదాక ఎవ్వరం పండుకోలే. తెల్లారంగనే డాక్టరు దగ్గరికి ఉరికినం.

ఆ రాత్రి నేర్చుకున్న మొదటి ముచ్చట: షుగర్ ఎక్కువుంటే దినాలు, వారాల మీద నష్టం చేస్తది. తక్కువైతే గంటలల్లనే పానం తీస్తది. అందుకే సూది పడ్డదో లేదో అనుమానమొస్తే ఇయ్యొద్దు. గుచ్చంగ మందు సగం బయటికి కారినా మళ్ల ఇయ్యొద్దు. ఒక్క పూట తప్పితే ఏం కాదు, ఒక్కటి ఎక్కువైతే కష్టం. అట్లని దినాల తరబడి ఆపుడు కూడ ప్రమాదమే. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపుకు క్యాలెండర్ కాయితం ఉంటది. సూది ఇచ్చినోళ్లు అప్పుడే గీత గీయాలె. గీతుంటే ఇంకొకరు సీస ముట్టద్దు. షిఫ్టులుండే ఇంటికి ఇంతకంటె మంచి ఉపాయం లేదు.

రెండోది సిరంజి. దీంట్ల చదువుకున్నోళ్లు కూడ తప్పుతరు. మన దగ్గర దొరికే మామూలు ఇన్సులిన్ సీసలల్ల ఎక్కువ శాతం ఒక ఎం.ఎల్.ల 40 యూనిట్లుంటయి, దానికి ఎర్ర మూతి సిరంజి. గ్లార్జిన్ అసొంటివి 100 యూనిట్లయి, దానికి నారింజ రంగు మూతి సిరంజి. 100 మందును ఎర్ర మూతి సిరంజితోని 2 గీత దాక గుంజితే, లోపలికి పోయేది రెండు కాదు, ఐదు యూనిట్లు. రెండున్నర రెట్లన్నట్టు! నాలుగు కిలోల పిల్లికి చాన సార్లు మొదలువెట్టేదే ఒక యూనిట్ దగ్గర. సీస మీద అంకె, సిరంజి మీద అంకె ఒక్కటేనా అని ప్రతిసారి చూడాలె. అమ్మ సీస ఇంట్ల ఉన్నదని అదే పిల్లికి ఇచ్చుడు, అమ్మ గోలీలు పిల్లికేసుడు అస్సలు చేయద్దు. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలె.

మూడోది తిండి. తినకపోయినా, కక్కినా, మత్తుగున్నా సూది ఇయ్యద్దు, ముందుగాల డాక్టరుకు ఫోన్ చేయాలె. పాలన్నం బందు పెట్టి గుడ్డు, కోడి, చేప పెట్టుడు మంచిదే, కని డాక్టరుకు చెప్పకుండ మార్చొద్దు. అన్నం తగ్గితే నెత్తురుల చక్కెర తగ్గుతది, పాత డోసు అట్లనే ఇస్తే పడిపోతది. కొన్ని పిల్లులకు తొందరగ మందు మొదలువెట్టి తిండి సక్కగ చూస్తే, కొన్ని నెలలకు ఇన్సులిన్ అవసరమే లేకుండ పోతది. సంతోషమే, కని అది తెల్వక పాత డోసు ఇస్తూ పోతే అదే ముప్పు. అందుకే చెవి అంచు మీద సన్నగ గుచ్చి నెత్తురు సుక్కతోని మీటర్ల చూసుడు నేర్చుకోవాలె. మనుషుల మీటర్ పిల్లి నెత్తురుకు అసలు కంటె తక్కువ చూపెడుతది, అది యాదికుంచుకోవాలె. అంకె తక్కువ అనిపిస్తే సూది ఆపి డాక్టరును అడుగాలె.

ఇగ షుగర్ పడిపోయిన గుర్తులు: ఊకె ఆకలని అరుసుడు, నీరసం, తూలుడు, వణుకుడు, ఏటో చూసుడు, ఆఖరికి ఫిట్స్, సోయి తప్పుడు. కొన్ని మంచం కింద దాక్కుంటయి, పండుకున్నదనుకుంటం. తినేటట్టుంటే వెంటనే తిండి పెట్టాలె. తూలుతుంటే తేనె గని, చక్కెర పాకం గని, గ్లూకోజు పొడి తడిపి గని చెంచెడు చిగుర్లకు రుద్దాలె. షుగరోళ్ల ఇంట్ల ఉండే షుగర్ ఫ్రీ పొడి దీనికి పనికిరాదు. ఫిట్స్ వస్తే నోట్ల నీళ్లు పోయద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. పండ్ల నడుమ వేలు పెట్టద్దు, పెదవి లోపల మాత్రమే రుద్దాలె. లేచి నడిచినంక కూడ దవాఖానకు తీస్కపోవాలె. ఎందుకంటే చక్కెర పావుగంట పని చేస్తది, లోపలున్న ఇన్సులిన్ ఇంకా గంటల కొద్ది పని చేస్తనే ఉంటది.

మన ఎండలల్ల మందు కూడ కాపాడుకోవాలె. రామగుండం వేడి చెప్పేదేముంది. సీస ఫ్రిజ్ తలుపుల పెట్టాలె, గడ్డ కట్టే అరల కాదు. గడ్డ కట్టిన మందు, ఎండల కారుల మర్చిపోయిన మందు పారెయ్యాలె.

ఊళ్లె పశువుల దవాఖానల బర్లు, గొర్లకే తీరిక ఉంటది. పిల్లి షుగరంటే ఏడికి పోవాల్నో తెల్వక చాన మంది ఇడిసిపెడుతరు. జగిత్యాల జిల్లా కోరుట్లల పశువైద్య కాలేజీ ఉన్నది, అడుగుండ్రి. జిల్లా పశువుల దవాఖానలల్ల చిన్న జీవాలకు చెవి మీటర్, గ్లూకోజు సీస ఉంచుడు పెద్ద ఖర్చు కాదు, సర్కారు అది చేయాలె.

బొగ్గి ఇప్పుడు మంచిగుంది. ఆ రాత్రి దాన్ని కాపాడింది అమ్మకు తెలిసిన ఒక్క గుర్తు. తమ్మీ, చెల్లె, మీ ఇంట్ల పిల్లి లేకపోవచ్చు, కని ఇన్సులిన్ తీసుకునే అమ్మనో, నాయిననో, తాతనో ఉండే ఉంటరు. వాళ్లకూ ఇవే గుర్తులు, ఇదే చక్కెర. ఈ రాత్రి ఒక్కసారి ఫ్రిజ్ తెరిచి, సీస మీద అంకె, సిరంజి మీద అంకె కలుస్తున్నయా లేవా చూడుండ్రి.