మహల్ బాగుంది... అమ్మే కనపడలే!

ఆ మధ్య అమ్మను చంద్రగిరి కోటకు తీసుకెళ్లా. రాజమహల్ ముందు చెట్టు నీడలో నిలబెట్టి, వెనక మూడంతస్తులూ వచ్చేలా వరసగా ఇరవై ఫొటోలు తీశా. ఇంటికొచ్చి చూపిస్తే ఒకటే మాట అంది: "మహల్ బాగుందిలే. నేను యాడున్నాన్రా?"

నిజమే. మహల్ ఎండలో మెరిసిపోతోంది. అమ్మ ముఖం నల్లగా, చిన్న చుక్కలా ఉంది. అమ్మ ఇల్లు కదలడమే అరుదు. అందుకే మరుసటి ఆదివారం మళ్లీ అదే చెట్టు దగ్గరికెళ్లా, ఈసారి నేర్చుకోవడానికి.

కెమెరాకు అమ్మ ఎవరో తెలీదు

ఫ్రేమ్‌లో ఉన్న వెలుతురంతా చూసుకుని, ఫొటో మధ్యరకంగా వచ్చేలా కెమెరా సర్దుతుంది. ఫ్రేమ్ నిండా ఎండే ఉంటే వెలుతురు తగ్గించేస్తుంది. దాంతో నీడలో ఉన్న ముఖం ఇంకా నల్లబడుతుంది. మందు సింపుల్. స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో నొక్కిపట్టండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కనొచ్చే సూర్యుడి గుర్తును జరిపి వెలుతురు పెంచండి. వెనక మహల్ కాస్త తెల్లబోతుంది, పోనీండి.

సాయంత్రం గోపురం దగ్గర

తిరుపతి తిరిగొచ్చి గోవిందరాజస్వామి గుడి వీధిలో నిలబడ్డా. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. ప్రో మోడ్‌లో మన చేతిలో ఉండేవి షట్టర్, ఐఎస్‌ఓ. షట్టర్ 1/15, ఐఎస్‌ఓ 200 పెడితే ఆటోలన్నీ గీతల్లా సాగిపోయాయి. 1/60, ఐఎస్‌ఓ 800 పెట్టా. వెలుతురు అంతే, కానీ ఆటోలు కాస్త స్పష్టంగా వచ్చాయి. బదులుగా ఫొటోలో గరుకుదనం పెరిగింది. ఒకటి కావాలంటే ఇంకోటి కొంత వదులుకోవాలి.

అసలు తప్పు

మహల్ మొత్తం కావాలన్న ఆశతో నేనే దూరం జరిగా. అందుకే అమ్మ చుక్కయింది. ఇప్పుడు గ్రిడ్ ఆన్ చేస్తున్నా. అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు వస్తాయి. మనిషిని నిలువు గీత మీద పెట్టి, రెండో పక్క కట్టడానికి చోటిస్తే రెండూ కుదురుతాయి.

మొన్న అమ్మను మళ్లీ తీసుకెళ్లా. సాయంత్రపు మెత్తని ఎండ ముఖం మీద పడేలా నిలబెట్టి, నాలుగడుగులు దగ్గరికెళ్లి తీశా. మహల్ సగమే వచ్చింది.

ఇప్పుడు అమ్మ వాట్సాప్ డీపీ అదే.