పాత వేగపుకారు – క్రొత్త వ్యయము

ఏనుగును కొని అంకుశమునకు వెనుకాడినట్లని మన పెద్దలొక సామెత చెప్పుదురు. ఏనుగు వెల ఒక్కనాటిది. దాని మేత నిత్యము. నేడు మన యిండ్లకు ఏనుగులు రావు గాని వానికి బదులుగా వేగపుకార్లు వచ్చుచున్నవి. క్రొత్తదానిని కొనజాలని యువకులు నాలుగైదేండ్లు తిరిగిన బండి సగము ధరకు దొరకినదని సంబరపడి యింటికి తెచ్చుచున్నారు. అందులకై అప్పుపత్రముపై చేవ్రాలు చేయునదియు, గాజులను తాకట్టునకిచ్చునదియు పెక్కిండ్లలో గృహిణియే. కావున నిది పురుషుల ముచ్చటయని సోదరీమణులు ఉపేక్షింపరాదు.

ఒక్క యుదాహరణము చూతము. స్కోడా కంపెనీవారు ఆక్టేవియా ఆర్.ఎస్. అను కారును 2017లో మన దేశమున ఇంచుమించు 25 లక్షల రూపాయల షోరూము ధరకును, దాని తరువాతి రూపమగు ఆర్.ఎస్. 245ను 2020లో 36 లక్షలకును విక్రయించిరి. పైకి అది కుటుంబమంతయు కూర్చుండదగిన సాధువైన బండియే. లోపల నున్నది 230, 245 అశ్వశక్తుల టర్బో ఇంజను. కాలము గడచినకొలది ఇట్టి బండి ధర తఱుగును. విడిభాగముల ధర మాత్రము తఱుగదు. 36 లక్షల బండిని 18 లక్షలకు కొన్నవానికి ఎవ్వరును బ్రేకుప్యాడ్లను సగము ధరకీయరు. ఈ యొక్క సంగతి గ్రహించినచో తక్కిన లెక్కయంతయు సులభముగా బోధపడును.

మొదట టైర్లు. 225/45 ఆర్ 17 అను గుర్తునకు అర్థమేమనగా, టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ యెత్తు అందులో నూటికి 45 పాళ్లు, అనగా 101 మిల్లీమీటర్లు. చక్రము 17 అంగుళములు. గోడ పొట్టిదగుటచే మలుపులలో బండి నిలకడగా నుండును గాని, మన వీధుల గుంటలలో పడినపుడు ఆ దెబ్బ చక్రమునకు తగులును. టైరుతోబాటు చక్రమును మార్చవలసివచ్చుట అరుదు కాదు.

తరువాత ఇంజను. టర్బోలోని చక్రము నిమిషమునకు లక్షకు మించి చుట్లు తిరుగును. దానిని కాపాడునది నూనె యొక్కటియే; నూనె మార్పు వాయిదా వేసినవారు పిదప టర్బోనే మార్చుకొందురు. ఈ యింజన్లలో పెక్కింటియందు పెట్రోలు నేరుగా సిలిండరులోనికి చిమ్మబడును. అందుచే గాలి వచ్చు కవాటములను పెట్రోలు కడుగదు. వానిపై మసి పేరుకొనును. దానిని గోకించుట ఒక ప్రత్యేక వ్యయము. ఆర్.ఎస్. 230లోని రెండు క్లచ్చుల గేరుపెట్టెకు 60,000 కిలోమీటర్ల కొకమాఱు నూనెయు ఫిల్టరును మార్పవలయును. బ్రేకునూనె తేమను పీల్చుకొనునది గనుక రెండేండ్ల కొకమాఱు దానిని మార్పక తప్పదు.

బీమా సంగతి వేఱు. 2022లో ప్రభుత్వము నిర్ణయించిన రేట్లలో, ఇతరులకు కలుగు నష్టమునకై కట్టవలసినది 1000 సి.సి. మించని కారుకు ఏటికి 2,094 రూపాయలు, 1500 సి.సి. దాటినదానికి 7,897. నాలుగేండ్లు దాటిన కారు విలువను బీమావారు క్రొత్తధరలో సగముగా లెక్కింతురు. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగముల వెలలో సగము మనమే భరింపవలయును.

మే మెఱిగిన యొక యింట ఇట్టి బండి వచ్చినది, కంపెనీ పేరేల? ఆఱు మాసములకే గేరుపెట్టె చెడినది. బాగుచేయుటకు సొమ్ములేక వానకాలమంతయు బండి వాకిట గుడ్డ కప్పుకొని నిలిచినది. అప్పు వాయిదాలు మాత్రము నిలువలేదు. పిల్లవాని కాలేజీ రుసుమునకై దాచిన సొమ్ము అందులకే పోయినది. ఆ యిల్లాలు చేతులకు నేటికిని మట్టిగాజులే.

నలమహారాజు అశ్వహృదయ మెఱిగినవాడు గనుక బక్కచిక్కిన గుఱ్ఱములలోని సత్త్వమును గుర్తింపగలిగెను. మన యింట అట్టి నలుడు లేనపుడు, అమ్మువానితో సంబంధములేని మెకానిక్కుకు రుసుమిచ్చి చూపించుటయే మేలు. ఇంజను బలము పెంచుటకై కంప్యూటరు లెక్కలను మార్పించి, అమ్మునపుడు మరల యథాస్థితికి తెచ్చువారును కలరు. అట్టి బండిలో క్లచ్చు ముందే అలసియుండును. సర్వీసు కాగితములను మొదటినుండి అడుగవలయును. టైరుపై నాలుగంకెలుండును; 2319 యనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని తెలియవలయును. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో విజయవాడయందును పెక్కు కార్లు వరదనీట మునిగినవి. సీటుబెల్టును చివరవఱకు లాగి చూచినచో బురదచాఱ దాగదు. కారు చేతులు మాఱిన 14 దినములలో బీమా మార్పునకు దరఖాస్తు చేయవలయును. పాత యజమాని సంపాదించిన బోనసు అతనిదే, బండితో రాదు.

వేగమునందు ముచ్చటపడుట పాపము కాదు. అయితే కొన్న ధరలో పదవవంతైనను మొదటి యేటి మరమ్మతులకై వేఱుగా నుంచి, ఆ పిమ్మటనే బేరమునకు పోవుట యుక్తమని నా యభిప్రాయము. ఆ పదవవంతు చేతిలో లేనిచో ఆ బండి మన తాహతునకు మించినదే. సోదరీమణులారా, చేవ్రాలు చేయుటకు ముందు "మరమ్మతు సొమ్మెక్కడ?" అని యడుగుడు. సమాధానము దొరకువఱకు కలమును మూసియుంచుడు.