కొత్త కాలనీ – వీధి మొగ

తిరుపతికి ఉత్తరమున శేషాచలము గోడవలె నిలిచియున్నది. ఆ దిక్కున ఊరు పెరుగుటకు తావు లేదు. కనుక పెరిగిన ఊరంతయు పడమట చంద్రగిరి రోడ్డు వెంటను, తూర్పున రేణిగుంట రోడ్డు వెంటను, ఆగ్నేయమున తిరుచానూరు రోడ్డు వెంటను సాగినది. 1886లో పురపాలక సంఘ మేర్పడిన ఈ క్షేత్రము 2011 జనాభా లెక్కల నాటికి 2,87,000 మందికి నివాసమైనది. నిన్న వేరుసెనగ పండిన చేలలో నేడు హద్దురాళ్లు నాటి ప్లాట్లు కొలుచుట మనకు వింత కాదు.

ప్లాటు కొనబోవునపుడు మన మడుగు ప్రశ్నలు అందరికిని తెలిసినవే. నీరు పడినదా? దస్తావేజులు సరిగా నున్నవా? వాకిలి తూర్పునకు వచ్చునా? అమ్మువారు పటము పరచి లోపలి వీధుల వెడల్పు చూపుదురు. కాలనీ వీధి పెద్ద రోడ్డును కలిసికొను చోట, పటము అంచున, ఒక బాణపు గుర్తు మాత్ర ముండును. ఆ వీధి మొగను గూర్చి అడుగువారు అరుదు.

500 ఇండ్ల కాలనీ యొకటి రాబోవుచున్న దనుకొందము. ఇంటి కిరువురు చొప్పున వెలుపలికి పోయి తిరిగివచ్చినను దినమునకు 2,000 రాకపోకలు. బడివేళకు, కచేరివేళకు అందులో నాలుగవ వంతు ఒక్క గంటలో జరిగిన దనుకొన్నచో ఏడు సెకనుల కొకరు ఆ మొగ దాటుచుందురు. మూడు దారులు కలియు చోట బండ్ల త్రోవలు ఒకదాని నొకటి తాకు స్థానములు 9 అనియు, నాలుగు దారుల కూడలిలో 32 అనియు ఇంజనీర్లు లెక్కింతురు. రోడ్డు కావలి పక్క మరియొక కాలనీ వెలసి తన ద్వారమును సరిగా ఎదురుగా తెరచినచో ఆ 9 కాస్తయు 32 అగును. వింత యేమనగా, ఎవరి పటము వారికి సక్రమముగానే యుండును! రెండు పటములను పక్కపక్కన పెట్టి చూచిననే గాని చిక్కు తెలియదు.

ఇక వేగము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణముల ప్రకారము గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చు బండిని ఆపుటకు 45 మీటర్ల దూరము కావలెను. 80 కిలోమీటర్లైనచో 120 మీటర్లు. అడ్డము కనబడి, మనసున కెక్కి, కాలు బ్రేకు మీద పడుటకే రెండున్నర సెకనులు పట్టునని వారు ఎంచుదురు. 80 కిలోమీటర్ల వేగమున ఆలోగానే బండి 55 మీటర్లు వచ్చివేయును. కావున వీధి మొగ నుండి రెండు వైపులను 120 మీటర్ల మేర చూపు సాగవలెను. మన చోట్ల ఆ చూపునకు అడ్డుగా ప్రహరీగోడ మూల యుండును, టీ బంకు ఉండును, నిలిపిన లారీ యుండును. కాలనీకి ఘనత తెచ్చు స్వాగత తోరణమును ఒక్కొక్కచోట ఆ పనియే చేయును.

తిరుపతి రోడ్ల కొక విశేష మున్నది. వేకువజామున వచ్చు బండ్లలో అనేకము రాత్రియంతయు ప్రయాణము చేసి వచ్చిన యాత్రికులవి. ఆ డ్రైవరుకు నిరుడు చేనుగా నున్న చోట నేడు కాలనీ యున్నదని తెలియదు. పురట్టాసి నెలలో తమిళదేశము నుండి కాలినడకన వచ్చు భక్తులు రోడ్డు అంచుననే నడతురు. అంచు ఎంత బలహీనమైన రక్షణయో 2017 ఏప్రిల్ 21న ఏర్పేడులో చూచితిమి. అదుపు తప్పిన లారీ పోలీసు స్టేషను ముంగిట గుమికూడిన జనము మీదికి రాగా పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. 2022లో దేశమంతట రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి.

త్రోవలను వేరుచేయుట మనకు తెలియని విద్య కాదు. 1944లో తెరచిన తిరుమల ఘాటు రోడ్డు చాలకాలము ఎక్కుటకును దిగుటకును ఒకటే. 1974లో రెండవది వచ్చిన పిమ్మట ఎక్కుట కొకటి, దిగుట కొకటి అయినవి. ఎదురెదురుగా ఢీకొను భయమునకు మూలమే తగ్గినది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతువు యాత్రికుల బండ్లను ఊరి వీధులపై నుండి దాటించుచున్నది. చండీగఢ్ నిర్మించినపుడు ఇండ్ల వాకిండ్లు వేగపు రోడ్లపైకి తెరవకుండ ముందే కట్టుబాటు చేసిరి. కాలనీ మొగకు సేతువు లక్కరలేదు. వరుసగానున్న నాలుగు లేఅవుట్లవారు తలా కొంత నేల విడిచి సర్వీసు రోడ్డు అనబడు పక్కదారి వేసికొన్నచో నాలుగు మొగలు ఒక్కటగును. ఇండ్లు లేవకముందు అది హద్దురాళ్లు జరుపునంత పని. లేచిన తరువాత గోడలు పడగొట్టవలెను. 2017 నాటి లేఅవుటు నిబంధనలు చేరుదారికి 12 మీటర్ల వెడల్పు కోరినవి. పిమ్మట సవరణలు వచ్చినవి. అయితే వెడల్పు వేరు, కలియు తీరు వేరు. మధ్యదిమ్మెలో మలుపుదారి దూరమున నున్నచో వెడల్పెంత యున్నను మోటారు సైకిళ్లవారు ఎదురుదారినే వత్తురు. వారిని తిట్టి లాభము లేదు. కిలోమీటరు చుట్టు తిరుగు మన్నచో మనలో నెందరు తిరుగుదుము?

ప్లాటు చూడబోవువారు ఆదివారము మధ్యాహ్నము గాక పనిదినమున ఉదయము ఎనిమిది గంటలకు పోయి మొగవద్ద పావుగంట నిలిచి చూచుట మంచిది. బడి బస్సు సంగతియు అడుగవలెను. పెద్ద రోడ్డుమీదనే ఆగు బస్సు ఉదయము ఒక వైపున ఆగినచో సాయంకాలము ఆవలి వైపున ఆగును. కాలనీ ఏ పక్క నున్నను ప్రతి పిల్లవాడును దినమున కొకసారి ఆ రోడ్డు దాటక తప్పదు. బస్సు లోపలికి వచ్చి తిరిగిపోవునంత తావు పటములో విడిచిరా లేదా, అమ్మువారిని అడిగి, వేలుపెట్టి చూపుమనవలెను.