ఓడిన జట్టు మళ్లీ లేచింది

చికాగో అనగానే మనకు 1893లో స్వామి వివేకానంద చేసిన ప్రసంగం గుర్తుకొస్తుంది. అమెరికాలో ఆటలంటే ఇష్టమున్నవాళ్లకు ఆ ఊరి పేరు వినగానే కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు కూడా గుర్తుకొస్తుంది. కబ్ అంటే ఎలుగుబంటి కూన. ఈ కూనల జట్టు 1908లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మళ్లీ గెలవడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 108 ఏళ్లు! ఒక్కసారైనా గెలుపు చూడాలని ఎదురుచూసి, చూడకుండానే వెళ్లిపోయిన తాతలు ఆ ఊళ్లో ఎందరో. అలాంటి జట్టు ఎలా లేచి నిలబడిందో తెలుసుకుందాం.

బేస్‌బాల్ మనకు అంతగా అలవాటు లేని ఆట కాబట్టి ముందు రెండు మాటలు. అమెరికా, కెనడాలకు చెందిన 30 జట్లు ఈ పెద్ద లీగ్‌లో ఆడతాయి. ఒక్కో జట్టు ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడాలి. బంతి విసిరేవాడిని పిచ్చర్ అంటారు. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. అప్పటికీ స్కోరు సమంగా ఉంటే ఆట కొనసాగుతుంది. సీజన్ చివర మిగిలిన రెండు జట్లు వరల్డ్ సిరీస్ ఆడతాయి. అందులో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టే విజేత.

మన ఐపీఎల్ వేలంలో ఎక్కువ పాట పాడినవారికే ఆటగాడు దక్కుతాడు. అక్కడ పాఠశాలల నుంచి, కళాశాలల నుంచి వచ్చే కుర్రాళ్లకు వేలం ఉండదు. 'డ్రాఫ్ట్' అనే పద్ధతిలో జట్లు వరుసగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. 2022 దాకా, కిందటి ఏడాది ఎక్కువగా ఓడిన జట్టుకే ముందు అవకాశం ఉండేది. బలహీనుడికి చేయూత ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. ఎంపికైన కుర్రాడు నేరుగా పెద్ద మైదానంలోకి రాడు. చిన్న ఊళ్లలో ఉండే అనుబంధ జట్లలో కొన్నేళ్లు ఆడి, ఒక్కో మెట్టూ ఎక్కి రావాలి. మనం తరగతి తరువాత తరగతి దాటి వచ్చినట్టే.

2009లో రికెట్స్ కుటుంబం కబ్స్‌ను కొన్నది. 2011లో థియో ఎప్‌స్టీన్‌ను తెచ్చి జట్టు నిర్మాణం అప్పగించింది. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. అంతకుముందు బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు 86 ఏళ్ల తరువాత 2004లో గెలిచినప్పుడు దాని బాధ్యత చూసింది ఆయనే. ఇక్కడ ఆయన తక్షణ గెలుపు కోసం పరుగెత్తలేదు. పేరున్న ఆటగాళ్లను ఇతర జట్లకు ఇచ్చి, బదులుగా కుర్రాళ్లను తీసుకున్నారు. ఫలితం? 2012లో 101 ఓటములు, 2013లో 96, 2014లో 89. టికెట్టు కొని వచ్చిన అభిమానులు చూసింది ఎక్కువగా ఓటములే.

కానీ తెర వెనుక జట్టు పెరుగుతోంది. ఆంథనీ రిజో 18 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో పోరాడి గెలిచినవాడు. బోస్టన్ నుంచి శాన్ డియాగోకు, అక్కడి నుంచి 2012లో చికాగోకు వచ్చాడు. క్రిస్ బ్రయంట్‌ను 2013 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకున్నారు. 2014లో అతను టెన్నెసీ, అయోవా అనుబంధ జట్ల తరఫున 43 హోమ్ రన్‌లు కొట్టాడు. అదే ఏడాది కైల్ ష్వార్బర్ నాలుగో ఎంపికగా వచ్చాడు.

మరి యజమాని డబ్బు సంగతేమిటి? కుర్రాళ్లు ఎదిగే చోటు కోసం మొదట ఖర్చు పెట్టారు. 2013లో డొమినికన్ రిపబ్లిక్‌లో అకాడమీ, 2014లో ఆరిజోనాలో శిక్షణ కేంద్రం తెరిచారు. కుర్రాళ్లు చేతికి అందివచ్చారని తెలిశాకే పెద్ద సంచీ విప్పారు. 2014 డిసెంబరులో పిచ్చర్ జాన్ లెస్టర్‌కు ఆరేళ్లకు 15.5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది బెన్ జోబ్రిస్ట్‌కు నాలుగేళ్లకు 5.6 కోట్లు, జేసన్ హేవర్డ్‌కు ఎనిమిదేళ్లకు 18.4 కోట్లు. నారు పోసి, నీరు పెట్టి, ఏపుగా పెరిగాక కంచె కట్టినట్టు. ఈ వరుస తిరగబడి ఉంటే డబ్బూ పోయేది, పంటా పోయేది.

2015లో జట్టు 97 మ్యాచ్‌లు, 2016లో 103 మ్యాచ్‌లు గెలిచింది. 2016 వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్ చేతిలో 3–1తో వెనుకబడి, 3–3 చేసింది. ఏడో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం చేజారి స్కోరు సమమైంది. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిశాక వాన పడి ఆట 17 నిమిషాలు ఆగింది. ఆ సీజన్‌లో బ్యాటుతో పెద్దగా రాణించని హేవర్డ్, అప్పుడు అందరినీ ఒక గదిలోకి పిలిచి ధైర్యం చెప్పాడు. ఆట మళ్లీ మొదలవగానే జోబ్రిస్ట్ కొట్టిన దెబ్బతో కబ్స్ ముందుకు వెళ్లింది. 8–7తో గెలిచింది. ఆఖరి బంతిని బ్రయంట్ అందుకుని రిజోకు విసిరాడు.

ఇక్కడితో ఆపితే ఇది సగం కథే అవుతుంది. 2015లో సీజన్ మొదలైనప్పుడు బ్రయంట్‌ను మొదటి ఎనిమిది మ్యాచ్‌లకు పిలవలేదు. దానివల్ల ఆ ఏడాది అతని సర్వీసు 171 రోజులే అయింది. పూర్తి ఏడాదిగా లెక్కించాలంటే 172 కావాలి. ఆ ఒక్క రోజు తగ్గడంతో నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ అతనికి ఒక ఏడాది ఆలస్యమైంది. అతను ఫిర్యాదు చేశాడు. 2020లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. 2016 జులైలో, ఆ ఏడాది గెలుపుకు ఒక పిచ్చర్ కావాలని, 19 ఏళ్ల గ్లేబర్ టోరెస్‌ను మరికొందరితో కలిపి న్యూయార్క్‌కు ఇచ్చేశారు. 2021 జులై ఆఖర్లో రిజో న్యూయార్క్‌కు, బ్రయంట్ శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయారు. రెండు రోజుల్లో జట్టు చెల్లాచెదురైంది. కావాలని ఓడి ముందు వరుస సంపాదించే జట్లను అదుపు చేయడానికి 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు స్థానాలకు లాటరీ పెట్టారు.

విద్యార్థులారా! బదిలీ ఉత్తర్వు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనలో చాలామంది రిజోలాగే మూడో ఊళ్లో, మూడో పాఠశాలలో ఉన్నవాళ్లమే. ఉపాధ్యాయులమైన మేమూ అంతే. కబడ్డీ జట్టు కుదిరిందని అనుకునేలోపే కెప్టెన్ వాళ్ల నాన్నగారికి బదిలీ అవుతుంది. అయినా కొత్తగా వచ్చిన ఆరో తరగతి కుర్రాడిని ఓపికగా తయారు చేస్తూనే ఉంటాం. వాడు గెలిచే రోజుకు మనం ఇక్కడ ఉంటామో లేదో తెలియదు. టోరెస్ కూడా ఆ గెలుపు రోజున చికాగోలో లేడు. కానీ అతన్ని తీర్చిదిద్దిన చిన్న ఊళ్ల శిక్షకుల శ్రమ ఆ గెలుపులో ఉంది. జట్టును కట్టేవాళ్లందరికీ చివరి మ్యాచ్ చూసే భాగ్యం ఉండదు. అందుకని కట్టడం మానకూడదు.