అంతర్జాలములో దారి చెప్పేదెవరు?

‘నెట్ రావడం లేదు’ అనగానే మనము మొదట తీగను అనుమానిస్తాము, తరువాత ఇంటిలోని రౌటరును. తరచు ఆ అనుమానము నిజమే అవుతుంది. కాని తీగ తెగకుండా, యంత్రము చెడకుండా, కేవలము ఒక తప్పుడు ప్రకటన వలన యూట్యూబ్ చాలా దేశాలలో రెండు గంటలకు పైగా అందకుండా పోయిన సందర్భమొకటున్నది. విద్యార్థులు తెలిసికొనదగినది గనుక దానినిక్కడ వివరింపదలచినాము.

అంతర్జాలమునకు ఒక యజమాని లేడు. వేల కొలది సంస్థల సొంత నెట్‌వర్కులు కలసి ఏర్పడినదది. తన వద్ద ఏ చిరునామాలున్నవో ప్రతి సంస్థయు పొరుగు సంస్థకు ప్రకటిస్తుంది. అది తన పొరుగుకు చెబుతుంది. 1989లో తొలిరూపము వెలువడిన ఈ పద్ధతి పేరు బోర్డర్ గేట్‌వే ప్రొటోకాల్. చెప్పినవాడు నిజము చెప్పినాడా అని పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. మరియొక నియమము గలదు. ‘గుంటూరు జిల్లా ఉత్తరములన్నీ నాకిమ్ము’ అని ఒకడు, ‘తెనాలి ఉత్తరములు నాకిమ్ము’ అని వేరొకడు అన్నచో, తెనాలి ఉత్తరము రెండవవానికే చేరుతుంది. చిన్న హద్దు చెప్పినవానిదే గెలుపు.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ ప్రభుత్వ ఆదేశము మేరకు యూట్యూబ్‌ను నిరోధించుటకై పాకిస్తాన్ టెలికాం ఈ నియమమునే వాడుకొన్నది. యూట్యూబ్ తన 1,024 చిరునామాలను ఒకే ఖండముగా ప్రకటిస్తుండగా, అందులోని 256 తనవని ఇది ప్రకటించినది. దేశములోపల ఉండవలసిన ఆ మాట హాంకాంగ్‌కు చెందిన పి.సి.సి.డబ్ల్యు. సంస్థకు చేరినది. ఆ సంస్థ విచారింపకయే లోకమంతటికీ చాటినది. మా దృష్టిలో పెద్ద తప్పు ఈ రెండవదే. కావలివాడు నిద్రించిన ఇల్లు కదా! గ్రీనిచ్ కాలమానము ప్రకారము అప్పుడు సాయంత్రము 6-47 గంటలు.

యూట్యూబ్ యంత్రములు చక్కగా పనిచేస్తూనే ఉన్నవి; వాటికి వెళ్లే దారి మాత్రమే మారిపోయినది. ఇట్టి సమయములో ఇంటి రౌటరును పదిమార్లు ఆర్పి వెలిగించినా ఫలితము సున్న. ట్రేస్‌రూట్ అను సాధనముతో మనము పంపిన సమాచారము ఏయే మజిలీల మీదుగా ఎంత దూరము పోయి ఆగినదో చూడాలి. తక్కినవన్నీ వచ్చుచు ఒక్క స్థానమే అందనపుడు మొదట చేయదగిన పని ఇదే.

8-07కు యూట్యూబ్ కూడ అదే 256 చిరునామాల ఖండమును ప్రకటించినది. హద్దులు సమానము కాగా, ఎవరికి ఎవరు దగ్గరయితే వారి మాట చెల్లినది. 8-18కి ఆ ఖండమును 128 చొప్పున రెండుగా చీల్చి మరల ప్రకటించినది. అంత చిన్న ఖండములను స్వీకరింపని సంస్థలు అనేకము. చివరకు 9-01కి పి.సి.సి.డబ్ల్యు. తప్పుడు దారిని ఉపసంహరించుటతో చిక్కు వీడినది.

నేడు చిరునామాల సొంతదారు ‘ఈ ఖండమును ఫలానా సంస్థయే ప్రకటింపవచ్చును’ అని డిజిటల్ సంతకముతో పత్రము వ్రాసి ఉంచే ఆర్.పి.కె.ఐ. అను ఏర్పాటు వచ్చినది. సొంతదారు పత్రము వ్రాయాలి, పొరుగువారు దానిని చూడాలి. రెండింటిలో ఏది లోపించినా అది వ్యర్థమే. పైగా అది దారి మొదలును మాత్రమే పరీక్షిస్తుంది. నడుమ మజిలీలలో ఎవరైనా అబద్ధమాడినచో పట్టలేదు.