చందమామ వెంట వస్తాడు, చెట్లు వెనక్కి పోతాయి: పంటి ఎక్స్-రేలో మన ఫిజిక్స్

ఫస్టియర్ డ్రాయింగ్ క్లాసు గుర్తుందా? ఒక్క ఫ్రంట్ వ్యూ ఇచ్చి వస్తువు మొత్తం గీయమంటే ఎవరి పెన్సిలైనా ఆగిపోతుంది. టాప్ వ్యూ లేనిదే లోతు తెలీదు. ఎక్స్-రేతో వచ్చే చిక్కూ ఇదే. అది ఫొటో కాదు, నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

పై కోరపన్ను సంగతే తీసుకోండి. మామూలుగా 11–12 ఏళ్ళకి రావాలి. కొందరికి ఎముకలోనే ఇరుక్కుపోతుంది. జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా ఇలా ఆగిపోయేది ఇదే. అప్పుడు చిగురు తెరిచి, పంటికి చిన్న బ్రాకెట్ అతికించి, నెమ్మదిగా వరసలోకి లాగుతారు. మరి అది పెదవి వైపుందా, అంగిలి వైపుందా? తేల్చుకోకుండా కత్తి పెడితే పిల్లకి అనవసరంగా రెండు గాయాలు. మా అత్త కూతురికి ఒకే పంటికి రెండు ఎక్స్-రేలు తీశారు. రెండోది దేనికని డాక్టరుగారిని అడిగితే కాగితం మీద గీసి చూపించారు. అదంతా మన సిలబస్సే!

మొదటి దారి ఆక్లూజల్ ఎక్స్-రే. 57 × 76 మిల్లీమీటర్ల ఫిల్ముని బిస్కట్‌లాగా పళ్ళ మధ్య అడ్డంగా కరిచి పట్టుకోవాలి. కింది దవడకైతే గడ్డం కింద నుంచి కిరణాన్ని ఫిల్ముకి 90 డిగ్రీల్లో పంపుతారు. అచ్చంగా టాప్ వ్యూ! (నిజానికి చూసేది కింద నుంచి, అంతే తేడా.) నాలుక కింద లాలాజలం వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడినా ఇందులో దొరికిపోతుంది. పై దవడకి మాత్రం నిట్టనిలువుగా కొడితే నుదుటి ఎముకలు అడ్డొస్తాయి. అందుకే సుమారు 65 డిగ్రీల వాలులో తీస్తారు. కానీ వాలు వచ్చిందంటే లోతు మళ్ళీ అనుమానమే.

అక్కడ పనికొచ్చేది రెండో దారి. 1910లో క్లార్క్ అనే ఆయన వివరించాడు. ఫిల్ముని నోట్లో దాదాపు అదే చోట ఉంచి, ట్యూబుని కాస్త పక్కకి జరిపి ఇంకో ఎక్స్-రే తీయాలి. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి చెట్లు వెనక్కి పోతాయి, చందమామ మాత్రం మనతోనే వస్తున్నట్టుంటాడు కదా! ఇక్కడ బస్సు ట్యూబు. పక్క పళ్ళ వేర్లతో పోల్చి చూస్తే, ఇరుక్కున్న పన్ను ట్యూబు జరిగిన వైపే జరిగిందంటే అది దూరంగా, అంటే అంగిలి వైపు ఉన్నట్టు. ఎదురు దిక్కుకి జరిగితే దగ్గరగా, పెదవి వైపు ఉన్నట్టు. రెండూ జరగకపోతే పక్క వేర్ల వరసలోనే ఉందన్నమాట.

డెంటల్ విద్యార్థులు దీన్ని ‘స్లాబ్ రూల్’ అంటారు. సివిల్ వాళ్ళు సంబరపడకండి, ఇది కాంక్రీటు స్లాబ్ కాదు: సేమ్ లింగ్వల్, ఆపోజిట్ బకల్.

ఇప్పుడు సీబీసీటీ స్కాన్ మూడు కొలతల్లోనూ చూపిస్తుంది. కానీ మామూలుగా దాని రేడియేషనూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. ఎదిగే పిల్లల విషయంలో రెండు చిన్న ఫిల్ములతో తేలిపోయేదానికి అంత దూరం ఎందుకు?

నమ్మకం కుదరకపోతే రెండు పెన్నులు ఒకదాని వెనక ఒకటి పట్టుకుని, ఒక కన్ను మూసి, తల కుడికి జరపండి. వెనక పెన్ను ఎటు జరిగిందో మీరే చెప్పండి.